తల కాడి దీపం

చచ్చిపోయిన మనిషి దుకాణం తెరవాలంటే మంచిరోజు చూడాలన్నాడు పండరి. అమ్మడానికి మాత్రం ఏ రోజైనా ఫరవాలేదట.

దినాల భోజనాలు అయిపోయాయి. టెంటువాళ్లు గుంజలు పీకుతున్నారు. విస్తళ్లు పారేసిన చోట కుక్కలు కొట్లాడుకుంటున్నాయి. పెరట్లో శ్రీలత అన్నం గంగాళం బోర్లించుకుని అడుగు తోముతోంది. తమ్ముడి దినాలకు చుట్టాలు చాలామందే వచ్చారు. ఏడవడానికి అందరూ పనికొచ్చారు గానీ, గంగాళం దగ్గరికి వచ్చేసరికి ఇంటి ఆడపడుచు ఒక్కతే మిగిలింది.

"బోధన్ నుంచి తారాచంద్ అని ఒకాయన వస్తడు," అన్నాడు పండరి, మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుంటూ. "పాత కంప్యూటర్లు కొంటడట. ఎల్లుండి వ్యాను పట్టుకొస్తనన్నడు. కుర్సీలు, టేబుళ్లు అన్నీ ఆయనే తీస్కపోతడు. గది ఖాళీ చేసి ఇచ్చేద్దాం."

తల్లి సావిత్రమ్మ గడపకు ఆనుకుని కూర్చుంది. "అమ్ము బిడ్డా. పోరడే పోయినంక గా డబ్బాలను చూస్కుంట ఏం జేస్తం."

శ్రీలత చేతిలో పీచు ఆగింది. "బిందును అడిగినవా అన్నా?"

"మాట్లాడిన."

"ఏమన్నది?"

"మాట్లాడిన అంటున్న గదనే. నువ్వు గా గంగాళం సంగతి చూడు. అడుగు ఇంక నల్లగనే ఉంది."

ఆ ఇంట్లో మగవాళ్లు మాట్లాడాను అంటే చెప్పాను అని అర్థం. ఆ సంగతి శ్రీలతకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కిటికీలోంచి లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న బిందుమాధవి వీపు కనిపిస్తోంది. క్యాంపు పిల్ల. కాలువ నీళ్లు చూసుకుని తాతలనాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న వాళ్ల మనవరాలు. నవనీత్ ఆమెను చేసుకున్న రోజు ఈ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు ఆమే వచ్చి వెలిగించింది.

ఆ నవనీత్ కామెర్లతో పోయాడు. ఆకుపసరూ తాగాడు, దవాఖానకూ పోయాడు, రెండిటికీ ఆలస్యంగానే. ముందుగదిలో, ప్రాణం పోయిన చోట పెట్టిన దీపాన్ని ఆ ఉదయమే కొండెక్కించారు. అన్ని రోజులూ అది ఆరిపోకుండా నూనె పోస్తూ కూర్చున్నది బిందే. ఆ కూర్చోవడానికి ఎవరూ పోటీకి రాలేదు.

"కంప్యూటర్ సెంటరు నడుపుకొని తన కాళ్ల మీద తను బతుకుతది గా పిల్ల," అని గంగాళంతో అంది శ్రీలత. "అడిగే దిక్కు లేదు."

గంగాళం ఏమీ అనలేదు. అడుగు మాత్రం తెల్లబడింది.

* * *

నవనీత్ కంప్యూటర్ సెంటరు బస్టాండు వెనక గల్లీలో ఉంది. నేర్చుకోవడానికి వచ్చే పిల్లల సర్టిఫికెట్లు కొన్ని అక్కడ బీరువాలో ఉండిపోయాయి. అమ్మకం జరిగేలోపు అవి ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. "ఒక్కదాన్నే వెళ్లలేను, మీరూ రండి వదినా," అంది బిందు ఆ మధ్యాహ్నమే. శ్రీలతకు ఆ పిలుపే కావాలి.

షట్టరు ఎత్తగానే మూసిన గది వాసన కొట్టింది. గుమ్మం పక్కన 'చెప్పులు బయట విడవవలెను' అని నవనీత్ వంకర అక్షరాల బోర్డు. గుడికి వెళ్లినప్పుడు చెప్పులు ఎక్కడ పోతాయోనని లోపలికే తెచ్చుకునే మనిషి, కంప్యూటర్ల గదిలోకి మాత్రం అమ్మను కూడా చెప్పులతో రానిచ్చేవాడు కాదు. ఇద్దరూ చెప్పులు విడిచారు. చనిపోయినా ఆ మనిషి మాట చెల్లింది.

బిందు బీరువా తెరిచి కాగితాలు సర్దుతోంది. ఆమె ప్రతి కవరు మీదా పేరు చదువుతోంది, పక్కన పెడుతోంది, మళ్లీ తలెత్తడం లేదు. శ్రీలత ఒక్కో కంప్యూటరు మీది గుడ్డ తీసి దులుపుతూ మూలకు చేరింది. అక్కడ అన్నిటికంటే పాతది, పెద్ద బొజ్జ ఉన్న టీవీ లాంటిది ఒకటి ఉంది. దాని మీద కప్పినది తన పాత వోణీ. తొంభై నాలుగులో నవనీత్ హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసింది బేరమాడి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దారంతా కండక్టరు దానికీ టికెట్ అడిగాడట.

"ఇది పనిచేస్తదా?"

"చేస్తుంది వదినా. పారెయ్యనిచ్చేవారు కాదు. ఎందుకండీ ఈ డబ్బా, చోటు తింటోందంటే, మా అక్క ఆట ఉంది అందులో అనేవారు."

శ్రీలత వోణీ మడిచి పక్కన పెట్టింది. దాన్ని మడవడానికి అంతసేపు పట్టకూడదు. తర్వాత వెనక చెయ్యి పెట్టి మీట నొక్కింది. డబ్బా మూలిగింది, గురగురమంది, నల్లటి తెర మీద పచ్చటి అంకెలు పరుగెత్తాయి. పెళ్లయి నస్రుల్లాబాద్ వెళ్లాక ఆమె వేళ్లు పాలు పిండాయి, నాట్లకు వచ్చిన కూలీలకు అన్నాలు వండాయి, అత్తగారి కాళ్లు పట్టాయి. అయినా ఏ అక్షరం ఎక్కడుందో అవి మరిచిపోలేదు.

ఆట పేరు కొట్టగానే తెర మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వచ్చాయి. కొండ మీద ఇల్లు. వాన పడుతోంది. నువ్వు గేటు ముందు నిలబడి ఉన్నావు. కింద ఒక చిన్న గీత, చెప్పు చెప్పు అన్నట్టు ఆరుతూ వెలుగుతూ.

బిందు కవర్లు వదిలేసి వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది. "ఏంటి వదినా ఇది? బొమ్మల్లేవు?"

"లేవు. అన్నీ మాటలే. ఏం చెయ్యాల్నో నువ్వు రాస్తే అది చేస్తది."

"ఏం రాసినా?"

"దానికి తెలిసిన మాటైతే చేస్తది. తెలువకుంటే, నాకు అర్థం కాలేదు అంటది."

"నయమే. అర్థం కాలేదని ఒప్పుకుంటోంది. మా బావగారైతే ఒప్పుకోరు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. మరుక్షణం ఇద్దరూ ఒక్కసారే షట్టరు వైపు చూశారు. దినాలు కాగానే నవ్వుతున్నారని గల్లీలో ఎవరైనా వింటే, సాయంత్రంలోగా ఆ నవ్వు సావిత్రమ్మ దగ్గరికి చేరుతుంది, చేరేలోగా అది పెద్దదవుతుంది కూడా.

"నాకు ఆయన బొమ్మల ఆట నేర్పారు," అంది బిందు గొంతు తగ్గించి. "ఆ కొత్త దాంట్లో ఉంది. బాణం తీసుకెళ్లి దేని మీద పెడితే దాని పేరు వస్తుంది. నొక్కితే జేబులో పడుతుంది. అంతే. నచ్చిందా అని అడిగేవారు. నచ్చింది అనేదాన్ని. పక్కన కూర్చోవాలని ఆయనకు, కూర్చునేదాన్ని."

"పేర్లు గూడ అదే చెప్తే ఇగ మనమెందుకు?" అంది శ్రీలత. ఆమె వింటున్నది బొమ్మల ఆట సంగతే. ఆ తర్వాత చెప్పిన మాట చెవికి తగిలి జారిపోయింది.

గేటు తెరిచింది. లోపలికి నడిచింది. గదులన్నీ ఆమెకు ముగ్గులా గుర్తున్నాయి, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు గీత. వంటిల్లు, దాని పక్క సామాన్ల గది, అందులోంచి నడవా. ప్రతి గదిలో ఉన్నదల్లా తీసుకుంది. తాడు, కెటిలు, విరిగిన గొడుగు, గోడ మీది అద్దం, చివరికి గేటుకు కట్టిన గంట కూడా. అప్పట్లో తానూ తమ్ముడూ వంతులేసుకుని, ఒకరు ఇంగ్లీషు మాట అందిస్తే ఒకరు టైపు కొట్టేవారు. "అక్కా, మనం దొంగతనానికి వచ్చినమా, ఇల్లు చూడనీకి వచ్చినమా?" అని నవ్వేవాడు.

"ఇంత సామాను ఎందుకు వదినా?"

"ఏది ఎక్కడ అక్కరకొస్తదో తెల్వది. అందుకని ఏదీ ఇడువం."

నడవా చివర చిన్న గది. శ్రీలత తెర మీది వాక్యాలను తెలుగు చేసి చదివింది. మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. చనిపోయాడు. ఆయన తల దగ్గర దీపం వెలుగుతోంది. తలుపు ఉత్తరం వైపు ఉంది.

ఉత్తరం అని కొట్టింది. నేలమాళిగ మెట్లు. చీకటి. ఇంకో అడుగు వేస్తే పడిపోతావు. వేసింది. పడిపోయింది. ఆట మళ్లీ గేటు దగ్గర మొదలు.

"ఇగో, గిక్కడనే," అంది, మళ్లీ గేటు నుంచి ముసలాయన గది దాకా చకచకా కొడుతూ. "గీ మెట్ల కాడ మూడేండ్లు పడ్డం. అగ్గిపెట్టె కోసం ఎతకని చోటు లేదు. కెటిల్ల నీళ్లు కాగబెట్టినం, అద్దం మెట్ల మీదికి తిప్పినం. అయితే పడుడు, లేకుంటే ఎనుకకు వచ్చుడు. ఇగ నా లగ్గమయింది."

"ఆ దీపం ఉందిగా."

"ఏ దీపం?"

"ముసలాయన దగ్గర."

శ్రీలత ఆమె వైపు తిరిగింది. "పీనుగ తల కాడి దీపం ఎట్ల తీస్తమే?"

తానూ నవనీతూ ఆ గదిలోంచి ఎన్ని వందలసార్లు నడిచి వెళ్లారో. ఆ దీపం గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. వద్దు అనుకోలేదు కూడా. గోడ మీది అద్దం ఊడబెరికిన మనుషులకు, గేటు గంట విప్పుకున్న మనుషులకు అది వస్తువుగానే తోచలేదు. నవనీత్ ఆ గదిలోకి రాగానే గొంతు తగ్గించేవాడు. తనకైతే ఒకసారి ఆ ముసలాయనకు దండం పెట్టమని రాయాలనిపించింది. రాసింది కూడా. నాకు అర్థం కాలేదు అంది ఆట.

బిందు చెయ్యి చాపి కీబోర్డును తన ముందుకు లాక్కుంది. ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, చూపుడువేలితో కొట్టింది. టేక్ లాంప్.

దీపం నీ చేతిలో ఉంది, అంది తెర.

"అయ్యో," అంది శ్రీలత.

"దాంట్లో ఏముంది వదినా. నూనె, వత్తి. ఇన్నాళ్లు నేనే పోశాను." బిందు తెర వైపే చూస్తోంది. "మొదటి రోజు నూనె కింద ఒలికింది. తర్వాత వంటింట్లో దీపానికి పోసినట్టే పోశాను. ఆయనకేం కనపడుతుంది దాంతో."

ఉత్తరం. ఈసారి శ్రీలతే కొట్టింది. దీపం వెలుగులో మెట్లు కనిపిస్తున్నాయి, అంది తెర. కింద పొడవాటి గది. దానికి అవతల తలుపులు, ఒకటి కాదు. దూరంగా నీళ్ల చప్పుడు.

కింద అంత ఇల్లుందా! తాము చూసినదంతా పై అంతస్తేనా? శ్రీలత ఆ వాక్యాలను మళ్లీ చదివింది. నవనీత్ ఇప్పుడు పక్కనుంటే కుర్చీలోంచి లేచి ఎగిరేవాడు. 'అక్కా' అని అరిచేవాడు, ఆ అరుపుకు పక్క కొట్టు వాడు తిట్టేవాడు. ఆమె పెదవి కొరుక్కుని మొదటి తలుపు తెరవమని రాయబోయింది.

కరెంటు పోయింది.

పచ్చటి వెలుగు తెర నడుమ చుక్కగా మారి, కాసేపు ఉండి, అదీ పోయింది. ఆ నల్లటి గాజులో ఇద్దరాడవాళ్ల ముఖాలు మాత్రం మిగిలాయి. సాయంత్రం దాకా కరెంటు రాలేదు.

* * *

మర్నాడు హన్మాండ్లు వచ్చాడు. శ్రీలత మొగుడు. యాసంగి నాట్లు మొదలయ్యాయి, కూలీలు దొరికారు, ఇంట్లో వండే మనిషి కావాలి. ఇవేవీ అనలేదు. "రేపు పోదాం మరి," అని మాత్రం అని చాప మీద పడుకున్నాడు. హన్మాండ్లు చెడ్డవాడు కాదు. పెళ్లయినప్పటి నుంచి భార్యను ఒక్క మాటా అనలేదు, ఒక్క మాటా అడగలేదు.

పండరి కాలువ కింద మడిలో పని ముగించి గట్టు మీద పార కడుగుతున్నాడు. శ్రీలత అక్కడికే వెళ్లింది.

"అన్నా, సెంటరు అమ్మొద్దు."

"ఏమైందే మళ్ల?"

"బిందు నడుపుతది. టైపింగ్ వస్తది, పిల్లలకు నేర్పనీకి వస్తది. గిప్పుడు ఇంటర్నెట్ అంటున్నరు, అది గూడ పెట్టొచ్చు. పొద్దున తెరిచి పొద్దుగూకే యాళ్లకు మూస్తే సరిపోతది. పెండ్లి కార్డులు, దరఖాస్తులు, అన్నీ ఇక్కడికే వస్తయి. గోడకు సున్నం వేసి, ఆడపిల్లలకు వేరే బ్యాచ్ పెడితే క్యాంపుల నుంచి గూడ వస్తరు."

పండరి పార పక్కన పెట్టి చెల్లెలిని ఎగాదిగా చూశాడు. "గిదంతా గా పిల్ల చెప్పిందా నీకు?"

"చెప్పాల్నా? ఎవలన్నా అడిగితే కద చెప్పేది. మొగుడు పోయింది దానికి, బేరం మీరు చేస్తున్నరు. నోరు లేని బర్రెనమ్మినట్టు అమ్ముతరా?"

"సరే," అన్నాడు పండరి. కోపం లేదు ఆ గొంతులో, అదే ఆమెకు వింతగా ఉంది. "రేపు వ్యాను వచ్చినంక అందరి ముంగట నువ్వే అడుగు. గా పిల్ల నడుపుత అంటే వ్యాను ఖాళీగ పోతది. నా మాట."

ఆ రోజంతా శ్రీలత కాళ్లు నేల మీద లేవు. తల్లికి తలంటింది, పెరడంతా కడిగింది. బిందుతో ఏమీ చెప్పలేదు. చెప్పేదేముంది, రేపు దాని ముందే అందరి నోళ్లూ మూయించబోతోంది కదా. బియ్యం ఏరుతూ మనసులో గది సర్దుకుంది. పాత డబ్బా అదే మూలన. కిటికీ దగ్గర ఆడపిల్లల బ్యాచ్. నాట్లయ్యాక, కోతలకు ముందు, తానూ నస్రుల్లాబాద్ నుంచి బస్సులో వస్తూ పోతూ ఉంటుంది, సాయానికి. అప్పుడప్పుడు. వారానికి ఒకటి రెండుసార్లు. రోజూ అయినా అంత దూరమేం కాదు.

* * *

తారాచంద్ చెప్పిన వేళకే వచ్చాడు. వ్యాను వెనక్కి పెట్టించి, లోపలికి తొంగిచూసి, అన్నిటికంటే ముందు పంకా వైపు చెయ్యి చూపించి, "గిది గూడనేనా?" అన్నాడు.

శ్రీలత షట్టరు కింద అడ్డంగా నిలబడింది. "ఏదీ లేదు. ఒక్క సామాను కదలొద్దు."

"అన్నా," అన్నాడు తారాచంద్ పండరితో, "నేను మళ్ల బోధన్ పోవాలె. మీ ఇంటి పంచాతి ఉంటే జల్ది తెంపుకోండ్రి. నేను చాయ్ తాగొస్త."

"ఉండు భాయ్. అడగనీ." పండరి గోడకు ఆనుకున్నాడు.

బిందు గుమ్మం దగ్గర నిలబడి ఉంది, కొంగు భుజం చుట్టూ లాక్కుని. హన్మాండ్లు వ్యాను టైర్లు చూస్తున్నాడు.

"బిందూ, ఎవలకు భయపడకు," అంది శ్రీలత. "నీ మనసుల ఉన్నది చెప్పు. సెంటరు నడుపుతవా, లేదా?"

"నడపను వదినా."

శ్రీలత షట్టరు కింద నుంచి ఆమె దగ్గరికి వచ్చింది. "అన్నను చూసి భయపడుతున్నవా?"

"లేదు. బావగారు దీపం ముందు కూర్చునే అడిగారు నన్ను, రెండుసార్లు. నడుపుకుంటానంటే నడుపుకోమన్నారు. నేనే వద్దన్నాను." బిందు గొంతు మెత్తగానే ఉంది. "ఇక్కడికొస్తే ఆయన గొంతు వినపడుతుంది నాకు. ఆ కుర్చీ, ఈ కుర్చీ, అన్నిట్లో వినపడుతుంది. రోజూ వచ్చి కూర్చోలేను వదినా. రుద్రూర్‌లో మా పిన్ని వాళ్లున్నారు. అక్కడుండి డిగ్రీ పూర్తి చేస్తాను. పెళ్లికి ముందు సగంలో ఆపేశాగా. నాకు ఇవేవీ మొదటి నుంచీ ఇష్టం లేదు. ఆయన ఇష్టమని ఉన్నాను."

బిందును ఎవరూ అడగలేదని అన్నతో కొట్లాడిన మనిషి, ఇన్ని రోజుల్లో తానూ అడగలేదు. అడిగినవాడు ఎదురుగా గోడకు ఆనుకుని పళ్లు కుట్టుకుంటున్నాడు. గెలిచినట్టు కూడా చూడటం లేదు. అది మరీ కష్టంగా ఉంది.

"మీకు కావాలా వదినా?" అంది బిందు ఉన్నట్టుండి. "మొన్న మీరు ఆడుతుంటే చూశాను. మీకు కావాలంటే ఇప్పుడే చెప్పండి. అమ్మొద్దని నేనే అంటాను. బావగారు కాదనరు."

పండరి పుల్ల పారేసి చెల్లెలి వైపు చూశాడు. తారాచంద్ ఆకాశం వైపు చూశాడు. హన్మాండ్లు టైర్ల మీంచి తలెత్తాడు.

"నాట్లున్నయి," అన్నాడు. దేనికీ అడ్డం పడినట్టు కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

శ్రీలత నోరు తెరిచింది. రెండు భాషల్లో మాటలున్న నోరు. తెరిచి, అందరి మొహాలూ చూసి, "నాకెందుకే," అంది. "నీ కోసమే అన్న గని. నేనేం జేసుకుంట."

"అయితే కానీ," అన్నాడు పండరి.

ఆ తర్వాత పని చకచకా సాగింది. వైర్లు పట్టుకుని లాగబోతున్న తారాచంద్ మనిషిని కసిరి, శ్రీలతే టేబుళ్ల కింద దూరి ఒక్కో తీగా విప్పింది, చుట్టచుట్టి దారం కట్టింది. ఏ తీగ దేనిదో చెప్పింది. కీబోర్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి పాత చీర ముక్కతో కట్టింది. మూల డబ్బా దగ్గరికి వచ్చేసరికి తారాచంద్ మూతి విరిచాడు. "గిది తూకానికే పోతది. ఇనుము." ఇద్దరు మనుషులు దాన్ని చెరోవైపు పట్టుకుని మోస్తుంటే ఆమె పక్కన నడిచింది, గుమ్మానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి. వ్యానులో ఎక్కించాక, వోణీ కూడా మీద కప్పేసింది. తారాచంద్ వ్యాను గల్లీ మలుపు దాటేదాకా ఎవరూ కదలలేదు.

పండరి బిందును క్యాంపుకు దించడానికి మోటారు సైకిలు ఎక్కించుకున్నాడు. బిందు శ్రీలత చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది.

"యూరియా తీస్కొని వస్త," అన్నాడు హన్మాండ్లు. "గింతల తాళం ఇచ్చేసి బస్టాండు కాడ ఉండు."

గల్లీ ఖాళీ అయింది. శ్రీలత షట్టరు తాళం పట్టుకుని నిలబడింది. లోపల నేల మీద టేబుళ్ల కాళ్లున్న చోట నాలుగేసి తెల్లటి మచ్చలు, వాటి మధ్య ఏళ్ల దుమ్ము. గోడల మీద కంప్యూటర్ల వెనక వేడికి గోధుమరంగు మరకలు. గదికి ఇంత పొడవుందని ఆమెకు ఇంతకు ముందు తెలియదు.

మేడమెట్లు దిగి ఇంటావిడ కనకరత్నం వచ్చింది. బిల్డింగంతా ఆమెదే. క్యాంపులో పొలాలు కౌలుకిచ్చి ఇక్కడ బాన్సువాడలో స్థిరపడ్డ ముసలావిడ. గదిలోకి తొంగిచూసి నిట్టూర్చింది.

"మంచి పిల్లాడమ్మా. చెప్పులేసుకుని రానిచ్చేవాడు కాదు నన్ను, నా గదిలోకే." కొంగుతో కళ్లొత్తుకుంది. "సరే, అయిపోయినట్టేగా? తాళం ఇలా ఇచ్చెయ్. మందుల షాపుకి అడుగుతున్నారు. రేపొచ్చి చూసుకోమంటాను."

చాపిన ఆ చేతి వైపు శ్రీలత చూసింది. తాళం ఇవ్వడానికి చెయ్యి ముందుకు వెళ్లింది కూడా. వెళ్లి, మధ్యలో ఆగింది.

"రేపు రమ్మనకుండ్రి," అంది.

"అదేంటమ్మా?"

"ఎవలకీ ఇయ్యకుండ్రి. ఆగుండ్రి."

"ఎవరికోసం ఆగమంటావు? మీ అన్నయ్య ఖాళీ చేస్తున్నామనే చెప్పాడు. ఎవరికి కావాలి గది?"

బస్టాండులో ఏదో బస్సు బయల్దేరబోతూ హారను కొట్టింది. చుట్టూ అన్న లేడు, మొగుడు లేడు, తల్లి లేదు. గల్లీలో ఒక మేక ఉంది, అదీ గోడ మీది వాల్‌పోస్టరు నమలడంలో ఉంది.

"నాకే," అంది శ్రీలత.

ముసలావిడ ఆమెనూ, గదినీ మార్చి మార్చి చూసింది. "నీకా? ఏం పెడతావమ్మా ఇందులో? ఉన్నదంతా ఇప్పుడేగా పట్టుకుపోయారు, నువ్వే మూటలు కట్టిచ్చావు, పైనుంచి చూశాను."

శ్రీలతకు ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో, ఎవరికి ముందు చెప్పాలో, నాట్లలో ఎట్లా చెప్పాలో ఏదీ తెలియదు. తాళాన్ని చీరకొంగుకు కట్టి ముడి వేసింది. ముడి బిగిసిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.

"ముందుగాలైతే ఊడుస్త," అంది. "ఒక చీపురియ్యుండ్రి."